మూడో ట్రాక్‌లో కోసేసిన పేరు

పోయిన వారం కాశీబుగ్గ బస్టాండు ఎదుట ఒక ఎండుచేపల గంప దభీమని కిందపడిన దగ్గర మనం ఆగాం. గంప అక్కుపల్లి అప్పలనరసమ్మది. ఆమె మొగుడు ఢిల్లీరావు నాలుగేళ్ళ కిందట, ఒరిస్సా తుఫానప్పుడు, పారాదీప్ దగ్గర పడవతో సహా పోయాడని ఊరంతా నమ్మింది. శవం మాత్రం దొరకలేదు. ఆ ఢిల్లీరావు గొంతు మొన్న మంగళవారం పట్టపగలు, సరోజిని రికార్డింగ్ సెంటర్ బయట పెట్టిన నిలువెత్తు స్పీకర్లలోంచి, ధన్ ధన్ మనే దరువు మీద ఆమెకు వినబడింది. గంప జారిపోయింది. చెల్లాచెదురైన చేపలు ఏరుకోకుండానే, ఎవరికీ మాట చెప్పకుండానే ఆమె వెళ్ళిపోయింది. షాపు జానకిరామ్ ఆ చేపలన్నీ ఏరి, గంపకెత్తి, కౌంటరు కింద పెట్టి రెండు రోజులుగా ఆ వాసన భరిస్తున్నాడు.

ఇవాళ గురువారం. వాయుగుండం పట్టి మూడు రోజులైంది. వాన కురవదు, గాలి ఆగదు. షాపు ముందు కట్టిన ప్లాస్టిక్ పరదా టపటపా కొట్టుకుంటూనే ఉంది. జానకిరామ్ కూడా అంతే, కూర్చుంటే లేస్తున్నాడు, లేస్తే కూర్చుంటున్నాడు.

గురువారం అంటే అతనికి పండుగ రోజు. నిమ్మాడ రైతు ఇంట్లో పుట్టి, విశాఖలో కంప్యూటర్ నేర్చుకుని, తల్లి పేరున ఈ షాపు పెట్టిన ఈ మనిషికి తిండి పెట్టేది పెళ్ళి క్యాసెట్లూ, భక్తి పాటలూ. నిద్ర పట్టనివ్వనిది మాత్రం టెక్నో, మాటల్లేని మెషిను దరువుల విదేశీ సంగీతం. హౌస్ మ్యూజిక్ అన్నా అంతే పిచ్చి. బెంగుళూరులో ఉన్న స్నేహితుడు సూర్యప్రకాష్ ఎక్కడెక్కడివో కొత్త సీడీలు పార్సిలు చేస్తాడు. ఇతను వారమంతా వాటిని విని, పాత క్యాలెండరు కాగితం వెనక స్కెచ్ పెన్నుతో రాసి, గురువారం పొద్దున్నే షాపు అద్దానికి అతికిస్తాడు. "ఈ వారం కొత్తగా వచ్చినవి" అని పైన ఎర్ర అక్షరాలు. పలాస, కాశీబుగ్గ జంట ఊళ్ళలో ఆ సంగీతం కొనేవాళ్ళు ఇద్దరు, ఒకరు రైల్వేలో ఉండేవారు, బదిలీ అయిపోయారు. అయినా కాగితం ఆగలేదు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు వేరే పని లేక చదువుతారు. "ఇందులో పాటేదిరా బాబూ?" అని అడుగుతారు. "పాట అందులో ఉండదు మావా, నీలో ఉంటాది" అని ఇతగాడి జవాబు. వినేవాడికి ఒళ్ళు మండుతుందని ఇతనికి తెలియదు.

ఈ వారం కాగితం మీద ఇలా ఉంది.

"ఒకటి: డెట్రాయిట్ నుంచి పన్నెండు నిమిషాల టెక్నో. మొదటి నాలుగు నిమిషాలు ఏమీ జరగదు. ఓపిక పట్టండి. ఐదో నిమిషంలో జీడిపిక్కల బాయిలర్ పక్కన నిలబడ్డట్టు ఉంటుంది.

రెండు: చికాగో హౌస్. పాడినామె గొంతులో జలుబుంది. ఆ జలుబే బాగుంది. పెళ్ళివారు అడగవద్దు.

మూడు: మన ఊరిది! బెంగుళూరు కంపెనీ వేస్తున్న 'తీరం' సీడీలో మూడో ట్రాక్. పేరు 'వల'. చేసినది ఈ షాపువాడే. అందులో వల లాగే కేక అక్కుపల్లి ఒడ్డున స్వయంగా రికార్డు చేయబడినది."

ఆ చివరి వాక్యం అబద్ధం. చిన్న అబద్ధమే అనుకున్నాడు రాసినప్పుడు. కానీ అదే వాక్యం ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ఒకటి ఇప్పుడు కౌంటరు మీద ఉంది. ట్రాక్‌లోని శబ్దాలన్నీ తానే సేకరించానని సంతకం పెట్టి ఇవాళ మధ్యాహ్నం కొరియర్‌లో పంపాలి. పంపితేనే సీడీ దేశమంతా విడుదల అవుతుంది. లేకపోతే మూడో ట్రాక్ తీసేసి వేరే ఎవడిదో వేసుకుంటామని కంపెనీవాళ్ళు మర్యాదగానే రాశారు. ఇరవై ఏడేళ్ళ జీవితంలో తన పేరు అచ్చయ్యే మొదటి సీడీ అది. సంతకం పెట్టడానికి పెన్ను మూడుసార్లు తీశాడు. మూడుసార్లూ కౌంటరు కింద చేపల వాసన తగిలింది.

నాలుగోసారి పెన్ను తీసేసరికి పరదా తొలగింది. అప్పలనరసమ్మ. చంకలో నాలుగేళ్ళ లోపు ఆడపిల్ల.

"గంప జాగ్రత్తగా ఉందమ్మా. ఒక్క చేప కూడా పోలేదు" అన్నాడు కంగారుగా లేచి.

"గంపకి రాలేదు బాబూ. ఆ గొంతుకి వొచ్చినాను."

పిల్లను కిందకి దింపింది. పిల్ల తిన్నగా పోయి స్పీకరు గుడ్డ మీద చెవి ఆనించింది. అప్పలనరసమ్మ కూర్చోమన్నా కూర్చోలేదు. ఆమె చేతులకు ఆకుపచ్చ మట్టిగాజులు, చేతికి ఆరు. నుదుట రూపాయంత బొట్టు. నాలుగేళ్ళుగా ఊరి ఆడవాళ్ళు ఆ బొట్టు వంక చూసి మొహం తిప్పుకుంటూనే ఉన్నారు.

"నా మొగుడి గొంతు అది. కాదనకు. పదేళ్ళు ఇన్నాను నాను. పెద్దవల లాగినప్పుడల్లా కేక ఎత్తినోడు ఆడే. ఎవులు తీసినారు ఆ కేక? ఎప్పుడు తీసినారు? అది సెప్పు సాలు."

"ఎందుకమ్మా ఇప్పుడు..."

"ఆదివారం అమాస. దర్భ బొమ్మ సేసి, కాల్సి, దినం సేసేత్తామన్నారు మా బావోళ్ళు. పెద్దలు కూడా సరే అనీసినారు. దినం అయిపోతే ఈ గాజులుండవు." చేతులు ముందుకు చాపి చూపించింది. "ఆడు పోయినాడంటే ఒప్పుకుంటాను. నానేటి పిచ్చిదాన్నా? కానీ ఉన్నోడికి దినం సేసీలేను గదా!"

జానకిరామ్ కౌంటరు మీది కాగితం వైపు చూశాడు. ఇక్కడ మన కథానాయకుడిని మెచ్చుకునే వీలు మీకు లేదు. నాకూ లేదు. ఎందుకంటే అతను చెప్పినది ఇది.

"నేనే తీశానమ్మా. మీ ఒడ్డునే. చాలా ఏళ్ళయింది. తుఫానుకి ముందు."

 అప్పలనరసమ్మ నెమ్మదిగా స్టూలు మీద కూర్చుంది. ఎడమచేతి గాజులను కుడిచేత్తో ఒక్కొక్కటే పైకి జరుపుకుంది, కిందకి దింపుకుంది. ఏడుస్తుందేమోనని అతనికి భయం వేసింది. ఏడవలేదు.

"అయితే అంతేనన్నమాట" అంది. "అయితే రాజేషు పేరే ఎత్తుంటాడు. అంతేనా?"

"రాజేష్ ఎవరు?"

"అదేటి బాబూ, నువ్వే తీసేనంటన్నావు, ఆ పేరు ఇన్లేదా?" ఆమె కళ్ళు అతని మీద నిలిచాయి. "వల సంచి ఒడ్డుకొచ్చినప్పుడు కడాఖరి లాగుడుకి కేకగాడు ఇంట్లో కడగొట్టు బిడ్డ పేరు ఎత్తుతాడు. పలానా బిడ్డ వాటా లాగు అంటాడు. ఆ వాటా సేపలు ఆ బిడ్డకే. మా తాతల కాడ్నించీ అంతే. మాకప్పుడు పిల్లల్లేరు. అందుకని మా బావ కడగొట్టు కొడుకు రాజేషు పేరు ఎత్తేవోడు. కడుపులో ఉన్న బిడ్డ పేరు ఎత్తరు, సంద్రం ఇంటాదని."

జానకిరామ్ చేతిలోని పెన్ను కౌంటరు మీద పెట్టేశాడు. పేరు ఉంది. ఆ కేక చివర ఏదో పేరు ఉండటం అతనికి బాగా గుర్తుంది. ఏ పేరో మాత్రం గుర్తులేదు. ఎందుకంటే అతను ఆ పేరును రెండేళ్ళ కిందట, తన చేత్తో, కంప్యూటర్ తెర మీద మౌసుతో పట్టి కోసేశాడు.

"పేరు... ట్రాక్‌లో లేదమ్మా."

"ఉంటాది. పేరు లేకుండా కేక ఆగదు."

"నేను తీసేశాను. ఈ సంగీతంలో దరువు నాలుగు దెబ్బలే ఉంటుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, మళ్ళీ ఒకటి. 'ఓయ్యా లాగు' సరిగ్గా సరిపోయింది. పేరు దగ్గరికొచ్చేసరికి దరువు తప్పుతోంది. అందుకని..."

"కోసేసినావా?" ఆమె గొంతు పెద్దది కాలేదు, చిన్నదయింది. "బిడ్డ పేరు కోసేసినావా?"

అతను తల దించుకున్నాడు. ప్రపంచంలో ఏ మూల ఏ డీజే ఏ దరువు మీద ఏ దరువు ఎక్కించాడో చెప్పగల చెవి తనదని అతనికి గర్వం. ఆ చెవితోనే విన్నాడు, ఆ చేత్తోనే కోశాడు. ఇన్నాళ్ళూ అది పనితనం అనుకున్నాడు. ఇప్పుడు సిగ్గేస్తోంది.

"ఇంకోటి సెప్పు" అంది ఆమె వదలకుండా. "ఆ కేక కింద డుగు డుగుమని మోతుంది గదా, అదేటి?"

"అదే... అదీ ఆ టేపులోదే. పక్కన ఇంజిన్ ఏదో ఆడుతోంది. నేను దాన్నే డ్రమ్ముగా వాడుకున్నాను."

"మా ఒడ్డున ఇంజిన్ ఎక్కడిది బాబూ? మా పెద్దవల మనుసులే లాగుతారు, ఇరవై మంది ఇటు, ఇరవై మంది అటు. మా ఒడ్డున నువ్వు తీసుంటే గాలి ఇనపడాల, మనుసుల ఊపిరి ఇనపడాల." ఆమె లేచి నిలబడింది. "నువ్వు తీయలేదు. అబద్ధం ఆడతన్నావు. ఆడదాని పుస్తెతో ఎందుకు బాబూ నీకీ ఆట?"

బయట కొరియర్ కూర్మనాథం స్కూటర్ ఆపి హారన్ కొట్టాడు. "జానకీ! కవరుందన్నావు, ఉందా?"

జానకిరామ్ కౌంటరు మీది కాగితం చూశాడు. ఆమె చేతుల వంక చూశాడు. "లేదు. ఎల్లిపో" అని అరిచాడు. స్కూటరు వెళ్ళిపోయింది. అంత సులువుగా నోట్లోంచి వచ్చేసిన ఆ రెండు మాటలకు తర్వాత ఎన్ని రోజులు బాధపడ్డాడో మరోసారి చెప్పుకుందాం.

"నేను తీయలేదక్కా" అన్నాడు. అమ్మా నుంచి అక్కాకి ఎప్పుడు దిగాడో అతనికే తెలియదు. "రెండేళ్ళ కిందట ఎవరో ఒకాయన ఒక క్యాసెట్ తెచ్చాడు. దీని మీద దేవుడి పాటలు ఎక్కించు, పాతది ఒక్క ముక్క మిగలకూడదు అన్నాడు. చెరిపేముందు నేను ఏదైనా ఒక నిమిషం వింటాను, అలవాటు. విన్నాను. చెరపబుద్ధి కాలేదు. వేరే ఖాళీ క్యాసెట్ మీద పాటలు ఎక్కించి ఆయనకిచ్చేశాను. ఇది నా దగ్గర ఉంచేసుకున్నాను."

"ఎవులు ఆయన?"

"మొహం గుర్తులేదు. రోజుకు ఎందరో వస్తారు."

"ఆ కేసెట్టు ఉందా?"

ఉంది. ఎక్కడుందో తెలియాలంతే. అటక మీది చెప్పుల పెట్టెలు నాలుగు దించాడు. నేల నిండా క్యాసెట్లు. అప్పలనరసమ్మ కూడా కూర్చుని ఏరసాగింది. ఆమెకు చదువు రాదు, అయినా ప్రతి క్యాసెట్టూ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తోంది, అందులోంచి మొగుడు పలుకుతాడన్నట్టు. అతనికి నవ్వు రాలేదు. మూడో పెట్టె అడుగున నీలం గీత ఉన్న క్యాసెట్ దొరికింది. డెక్‌లో పెట్టి బటన్ నొక్కబోయాడు. ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. కరెంటు పోయింది.

"సచ్చింది" అన్నాడు పైకే.

సెల్స్ వేసే పాత టేప్ రికార్డరు ఒకటి ఉండాలి. వెతికాడు. దొరికింది. సెల్స్ లేవు. గోడ గడియారంలోవి సైజు వేరు. పక్క ఫ్యాన్సీ షాపుకి పరిగెత్తి నాలుగు సెల్స్ తెచ్చాడు. తొందరలో ఒక సెల్ తిరగేసి వేశాడు, తీసి మళ్ళీ వేశాడు. అప్పలనరసమ్మ కొంగు కొస నోట్లో కుక్కుకుని నిలబడింది. రాజేషు పేరు వస్తే ఆదివారం గాజులు పగులుతాయి. ఇంకో పేరు వస్తే... ఆ రెండో మాట ఆమె నాలుగేళ్ళుగా ఎవరి దగ్గరా పైకి అనలేదు. ఇప్పుడూ అనలేదు.

బటన్ నొక్కాడు.

ముందు ఇంజిన్. డుగు డుగు డుగు. నీళ్ళు. ఎవరిదో దగ్గు. తర్వాత కేక లేచింది, ట్రాక్‌లోలా సాగదీసి, మెరుగులు దిద్ది కాదు, పచ్చిగా, ఊపిరితో సహా.

"ఓయ్యా లాగు! ఓయ్యా లాగు! ఒడ్డొచ్చింది లాగు! ఓయ్యా..."

అప్పలనరసమ్మ గోడ పట్టుకుంది.

"...నాగమణి వాటా లాగు!"

"ఏటి?" అంది స్పీకరు దగ్గరి పిల్ల, ఎవరో పిలిచారని వెనక్కి తిరిగి.

 జానకిరామ్‌కు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది, ఆ పేరు ఈ పిల్లదే. పిల్ల మళ్ళీ "ఏటే అమ్మా, ఎవులు పిల్సినారు?" అంది. తల్లి పిల్లను లాక్కుని గుండెకి అదుముకుంది. ఈసారి ఏడ్చింది. నాలుగేళ్ళుగా దాచుకున్నదంతా, సిగ్గు లేకుండా, బజారు వినేట్టు ఏడ్చింది.

"ఆడు పోయిన మూడు నెలలకి పుట్టింది ఇది" అంది వెక్కిళ్ళ మధ్య. "ఈ పేరు ఎవులికీ తెల్దు బాబూ అప్పుడు. పురిటి మంచం మీద నాగులమ్మకి మొక్కుకుని నాను పెట్టినాను. ఆడికెలా తెల్సింది? ఉన్నాడు. ఆడున్నాడు."

"ఎవరో వెళ్ళి చెప్పి ఉండాలి" అన్నాడు జానకిరామ్. ఆ మాట అన్నాకే అందులో ఉన్నదేమిటో ఇద్దరికీ తట్టింది. ఎవరో వెళ్ళారు. చూశారు. మాట్లాడారు. తిరిగొచ్చి నోరు మూసుకున్నారు.

టేపు ఇంకా తిరుగుతోంది. కేక అయిపోయింది, ఇంజిన్ ఆగింది. టేపు ఇంత దూరం అతను ఎప్పుడూ వినలేదు. తనకు కావలసిన ముక్క దొరికాక అక్కడే ఆపేసేవాడు. ఇప్పుడు టేపులోంచి ఇంకో మగగొంతు, మైకుకి బాగా దగ్గరగా వచ్చింది.

"బాగుందిరా తమ్మూ. ఇంకోపాలి ఎత్తు. పిల్లకి ఇనిపిత్తాను."

అప్పలనరసమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. కళ్ళు తుడుచుకోకుండానే టేప్ రికార్డరు వంక చూసింది.

"ఆ గొంతు ఎరుగుదువా అక్కా?"

ఆమె జవాబు చెప్పేలోపు బయట మోటారు సైకిలు ఆగింది. పరదా తొలగించుకుని యాభై ఏళ్ళ మనిషి లోపలికి తొంగి చూశాడు. తెల్లచొక్కా, భుజాన తువ్వాలు. బజారులో మొన్నటి గంప సంగతి అక్కుపల్లి చేరకుండా ఉంటుందా.

"ఏటి నర్సమ్మా, ఈ గోల? బజార్న పరువు తీత్తన్నావు. పద ఇంటికి. ఆదివారానికి సుట్టాలొత్తన్నారు, దర్భలు కోయించాల."

అదే గొంతు. జానకిరామ్ చెవికి ఏ మెరుగూ అక్కర్లేదు. లోపలికొచ్చిన మనిషి కౌంటరు మీద చెయ్యి ఆనించాడు. చూపుడువేలు సగానికి లేదు. ఎప్పుడో వల తాడు తెంపేసింది. ఆ సగం వేలితోనే రెండేళ్ళ కిందట ఒక క్యాసెట్‌ను ఇదే కౌంటరు మీద ముందుకు తోసి, పాతది ఒక్క ముక్క మిగలకూడదు అన్నాడు. ఇప్పుడు గుర్తొచ్చింది.

"మా బావ బాబూరావు" అంది అప్పలనరసమ్మ, అతన్ని జానకిరామ్‌కు పరిచయం చేస్తున్నట్టు, చాలా మామూలుగా. నాలుగేళ్ళుగా ఆమె ఉంటున్నది ఆ బావ ఇంట్లోనే. ఆ బావ ఎదుట తలెత్తి మాట్లాడి ఎరగదు.

సరిగ్గా అప్పుడే ఫ్యాను కదిలింది. కరెంటు వచ్చింది. స్పీకర్ల ఎర్ర దీపాలు వెలిగాయి.

"బాబూ" అంది ఆమె, చూపు బావ మీదే నిలిపి. "ఆ కేసెట్టు పెద్ద డబ్బాల్లో ఎయ్యి."

జానకిరామ్ టేపు వెనక్కి తిప్పి డెక్‌లో పెట్టాడు. సౌండు పూర్తిగా పెంచాడు. బస్టాండులో బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా ఇటు తిరిగారు. ఇంజిన్ మోత అద్దాలను వణికించింది. ఢిల్లీరావు కేక కాశీబుగ్గ మెయిన్ రోడ్డు మీద లేచింది, ఈసారి కోత లేకుండా, పేరుతో సహా. నాగమణి వాటా లాగు! పిల్ల చప్పట్లు కొట్టింది. వెంటనే బాబూరావు గొంతు బాబూరావు మీదే విరుచుకుపడింది. బాగుందిరా తమ్మూ.

బాబూరావు మొహంలో నెత్తురు లేదు. తువ్వాలు భుజం మీంచి జారి చేపల గంప మీద పడింది, తీసుకోలేదు.

"బావా" అంది అప్పలనరసమ్మ. అంత సౌండులోనూ ఆమె మాట స్పష్టంగా వినబడింది. "ఆదివారం ఆ దర్భ బొమ్మ ఎవులికి సేత్తన్నావు?"

జానకిరామ్ డెక్ ఆపేశాడు.  బాబూరావు పిల్ల వంక చూశాడు. ఆమె చేతి గాజుల వంక చూశాడు. చూసి స్టూలు మీద కూలబడ్డాడు. పెద్దమనిషితనం అంతా పోయి, ముసలివాడిలా కనబడ్డాడు.

"నన్ను తిట్టు. కొట్టు. సెప్పు తీసుకుని కొట్టు" అన్నాడు. "కానీ దినం సేసేయమన్నది నాను కాదే తల్లీ. నా సేతిలో సెయ్యేసి ఒట్టేయించుకుని, నాకు దినం సేసీయండి అన్నది... ఆడే."